పాదరసం దిగే వేగం

ఆ పెట్టె మూత ఎత్తి నిలబెడితే టక్కుమని చప్పుడయ్యేది. మూత లోపలివైపు బిగించిన గాజు గొట్టం, దాని పక్కన 0 నుంచి 300 దాకా నల్లటి గీతలు, అడుగున చిన్న తొట్టిలో పాదరసం, అది ఒలికిపోకుండా ఆపే చిన్న మీట. గుడ్డ పట్టీ, దానిలోపల రబ్బరు సంచి, రెండు రబ్బరు గొట్టాలు, చివర గాలి కొట్టే బల్బు. పట్టీకి మూరెడు తోక ఉండేది. దాన్ని చేతికి చుట్టి చివర లోపలికి దోపేవాళ్లం. చరచర అంటుకునే పట్టీలు ఆ తరవాతి కాలానివి. 1980ల మొదట్లో నేను హౌస్ సర్జన్‌గా చేరిన కోస్తా ఆసుపత్రిలో మెడికల్ వార్డు మొత్తానికి సరిగ్గా పనిచేసే పెట్టె ఒకటే. మిగతావాటిలో ఒకదాని బల్బు పగిలి ఉండేది, ఇంకోదాని సంచి గాలి నిలిపేది కాదు, మరోదాని గాజుకి లోపల నల్లగా మసి పట్టి పాదరసం అంచు కనపడేది కాదు. పనిచేసేదాన్ని మా హెడ్ సిస్టర్ గారు బీరువాలో పెట్టి తాళం వేసుకునేవారు. రాత్రిపూట చెయ్యీ కాలూ పడిపోయిన మనిషిని తీసుకొస్తే ముందు ఆ తాళంచెవి కోసం పరుగు.

ఇప్పుడా పెట్టెలు దాదాపు లేవు. పాదరసం నీళ్లలో కలిసి చేపల్లోకి, చేపల్నుంచి మనుషుల్లోకి చేరి చేసిన విధ్వంసం జపాన్‌లోని మినమాటా ఊరు చూసింది. ఆ ఊరి పేరుతోనే 2013లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. పాదరసం థర్మామీటర్లు, బీపీ పరికరాల తయారీ ఆపెయ్యడానికి 2020ని గడువుగా పెట్టుకున్నాయి. మన దేశం ఆ ఒప్పందాన్ని 2018లో ఆమోదించింది. అది న్యాయమైన పని. మా వార్డు గచ్చు పగుళ్లలో పాదరసం పూసలు మెరుస్తూ ఉండేవి. రోగుల తాలూకు పిల్లలు వాటిని అగ్గిపెట్టెల్లోకి ఎత్తుకుని ఆడుకునేవాళ్లు. ఎవరూ వద్దనేవాళ్లు కాదు.

కానీ ఆ పెట్టెతో బీపీ చూడటం అనే పని ఒకటుండేది. అది పోవడం నాకు బాధగానే ఉంది.

1896లో ఇటలీ వైద్యుడు రివా రొచ్చి చేతికి పట్టీ కట్టి పాదరసంతో కొలిచే పద్ధతిని బయటపెట్టాడు. ఆయన కొలిచింది పై సంఖ్య మాత్రమే, అదీ మణికట్టు దగ్గర నాడి మీద వేలు పెట్టి. 1905లో రష్యాలో కొరొత్కోవ్ అనే సర్జన్ మోచేతి మడతలో స్టెత్ పెట్టి వింటే కింది సంఖ్య కూడా తెలుస్తుందన్నాడు. మా ప్రొఫెసర్ గారు ఆ రెండూ వరసగా చేయించేవారు. ముందు నాడి పట్టుకుని గాలి కొట్టాలి. నాడి ఎక్కడ మాయమైందో చూసుకుని, ఇంకో 30 మిల్లీమీటర్లు పైకి ఎక్కించి, అప్పుడు స్టెత్ పెట్టి గాలి వదలాలి. సెకనుకి రెండు మిల్లీమీటర్లు, అంతకన్నా వేగం పనికిరాదు. 220 దాకా ఎక్కించిన పాదరసం 100కి దిగాలంటే నిమిషం పడుతుంది. ఆ నిమిషం సేపు పంకా చప్పుడు, పక్క మంచం వాళ్ల మాటలు, ఆయా బకెట్టు మోత, అన్నీ దాటి ఆ టప్ టప్ శబ్దం ఒక్కదాన్నే వినాలి. తొందరపడి గాలి గబుక్కున వదిలేసిన వాళ్లని ఆయన కోప్పడేవారు కాదు. "మళ్లీ చూడు బాబూ" అనేవారు. మూడోసారి కూడా అలాగే అనేవారు.

నాడి పట్టుకోవడంలో ఇంకో లాభం ఉండేది. వేలి కింద కొట్టుకునే తీరు ఒక వరస లేకుండా, ఒకటి బలంగా ఒకటి నీరసంగా, మధ్యలో తప్పిపోతూ ఉంటే, గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకి ఎగిరిపోయి ఉంటుందన్న అనుమానం అక్కడే వచ్చేది. మా కాలంలో కీళ్లవాతం వల్ల గుండె కవాటాలు చెడిపోయిన ఆడపిల్లలు ఎందరో. ఇరవై అయిదేళ్లు నిండని మనిషి, చంకలో బిడ్డ, కుడి చెయ్యి పడిపోయి వచ్చేది. ఆమె బీపీ 110 ఉండేది. ఆ కేసులో జబ్బంతా నాడిలోనే ఉంది, అంకెలో లేదు. ఇప్పటి బటన్ నొక్కే మిషన్లు నాడి వరస తప్పినవాళ్ల దగ్గర అంకె కూడా నమ్మకంగా చూపించలేవు. మిషన్ ఒక అంకె వేస్తుంది, సిస్టర్ రాసుకుంటుంది, రోగి మణికట్టు ఎవరూ తాకరు.

ఏ చేతికి కట్టాలన్నది కూడా ఆనాడు పాఠమే. పడిపోయిన చేతికి కట్టకూడదు, బాగున్న చేతికే కట్టాలి. కేస్ షీట్ మీద ఏ చెయ్యో రాయాలి. రాయకపోతే హెడ్ సిస్టర్ గారు షీట్ వెనక్కి పంపేవారు.

ఇక అసలు చీకటి వేరే. రక్తనాళం పూడుకుపోయిందా, చిట్లిందా? పక్షవాతాల్లో ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరిగిన జబ్బులు. పూడుకుపోతే రక్తం అందక మెదడు చస్తుంది, చిట్లితే రక్తం పొంగి మెదడుని నలిపేస్తుంది. చెయ్యీ కాలూ మాత్రం రెండింటిలోనూ ఒకేలా పడిపోతాయి. హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన స్కాన్ యంత్రం లండన్‌లో మొదటి రోగి తలని 1971లోనే చూసింది. మా వార్డుకి అది అందడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతదాకా మాకున్నవి అడిగి తెలుసుకోవడం, చూసి పోల్చుకోవడం. తెల్లారి నిద్ర లేస్తూ చెయ్యి ఆడలేదంటే పూడిక అనుకునేవాళ్లం. పని చేస్తూ చేస్తూ తల పట్టుకుని, వాంతి చేసుకుని, కుప్పకూలి, గంటలో గురక మొదలైతే చిట్లిందనుకునేవాళ్లం. వెన్నులో సూది గుచ్చి నీరు తీస్తే ఎర్రగా వచ్చేది కొన్నిసార్లు. తెల్లగా వచ్చినంత మాత్రాన చిట్లలేదని చెప్పడానికి లేదు. పైగా లోపల ఒత్తిడి బాగా ఉన్నవాళ్లకి ఆ సూది ప్రాణం మీదికి తెచ్చేది.

1991లో థాయ్‌లాండ్‌లోని సిరిరాజ్ ఆసుపత్రి నుంచి ఒక లెక్క వచ్చింది. స్పృహ ఎంత ఉంది, వాంతి అయిందా, తలనొప్పి ఉందా, షుగరో గుండెనొప్పో ఉందా అని చూసి ఒక్కోదానికీ మార్కులు వెయ్యాలి. వాటికి బీపీ కింది సంఖ్యలో పదో వంతు కలిపి, 12 తీసెయ్యాలి. ఒకటి దాటితే చిట్లినట్టు, మైనస్ ఒకటి కన్నా తక్కువైతే పూడినట్టు, మధ్యలో ఉంటే తెలియనట్టు. మా పీజీలు ఆ లెక్కని తెల్ల కోటు జేబులో చిన్న అట్టముక్క మీద రాసిపెట్టుకునేవారు. స్కాన్ లేని దేశాల వాళ్ల కోసం, స్కాన్ లేని దేశాల బాధ తెలిసినవాళ్లు కట్టిన లెక్క అది. అందులో పాదరసం చూపించిన కింది సంఖ్యకి కూడా చోటుండటం నాకు ఇష్టంగా ఉండేది. ఆ అట్టముక్కలు ఇప్పుడెవరి జేబులోనూ లేవు. వీధి చివర స్కానింగ్ సెంటర్ ఉంది, పదినిమిషాల్లో సందేహం తీరిపోతుంది. అయినా మధ్యరకం మార్కులు వచ్చిన మనిషి పక్కన, ఏ మందూ ధైర్యంగా ఇవ్వలేక, రాత్రంతా గంటగంటకీ కనుపాపలు చూస్తూ కూచోవడం ఏమిటో తెలిసిన తరం మాతో అయిపోతుంది.

అంత అయోమయంలో మాకు కచ్చితంగా తెలిసినది అంకె ఒక్కటే. దాదాపు ప్రతి పక్షవాతం రోగికీ వచ్చిన రోజు బీపీ ఎక్కువే ఉండేది. 190, 200, 220. పాదరసం అంత పైకి పోతుంటే చూస్తున్నవాళ్లకి గుండె ఆగినంత పనయ్యేది. మా ప్రొఫెసర్ గారు క్లాసులో రూజ్‌వెల్ట్ సంగతి చెప్పేవారు. 1944 మార్చిలో ఆ అమెరికా అధ్యక్షుడి బీపీ 186/108. గుండె డాక్టర్ బ్రూయెన్ ఉప్పు తగ్గించమన్నాడు, విశ్రాంతి తీసుకోమన్నాడు. అంతకు మించి చెయ్యడానికి మంచి మందులు లేవు. ఏడాది తరవాత, 1945 ఏప్రిల్ 12న, తల వెనక భరించరాని నొప్పి అంటూ పడిపోయినప్పుడు తీసిన కొలత 300/190. "గాజు గొట్టంలో ఆఖరి గీత" అనేవారు ఆయన, 300 మీద వేలు పెట్టి చూపిస్తూ. ప్రపంచంలో అంత అధికారం ఉన్న మనిషికి, ఈ రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇచ్చే మాత్ర కూడా దొరకలేదు.

మందుల కథ మన గడ్డ మీదే మలుపు తిరిగింది. సర్పగంధ వేరు బీపీ తగ్గిస్తుందని బొంబాయి డాక్టర్ రుస్తుం జల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. మూడేళ్లకి స్విస్ కంపెనీ సీబా ఆ వేరులోంచి రెసర్పిన్ విడదీసింది. మేం చేరేనాటికి దాని ఇంజక్షను సెర్పాసిల్, అది కలిసిన మాత్ర అడెల్ఫేన్ అందరి నోళ్లలో నానిన పేర్లు. అడెల్ఫేన్ వేసుకునే తాతలు ముక్కు దిబ్బడ అని, మనసేం బాగాలేదని చెప్పుకునేవారు. ఆ రెండూ మందు తెచ్చే బాధలే. పక్షవాతానికి మాత్రం రెసర్పిన్ ఇంజక్షను తగదు. అది మగత తెస్తుంది. ఆ మగత మందుదా, మెదడు వాపుదా తేల్చుకోలేకపోతే రోగి చేజారుతున్న సంగతే తెలియదు. నల్ల కాగితం చుట్టిన సీసాలో నైట్రోప్రస్సైడ్ అని ఇంకొకటి ఉండేది. వెలుతురు తగిలితే చెడిపోతుంది. దానికి నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టే మనిషి ఒకరు కదలకుండా ఉండాలి. మా వార్డులో నలభై మంచాలకి ఒక సిస్టర్.

అలాంటి చోటికి నిఫెడిపిన్ అనే బీపీ మందు గొట్టం మాత్రగా వచ్చింది. నారింజ రంగు మెత్తటి గొట్టం, లోపల 10 మిల్లీగ్రాముల మందున్న ద్రవం. సూదితో పొడిచి, నాలుక కింద నాలుగు చుక్కలు పిండితే చాలు, పది నిమిషాల్లో పాదరసం దిగిపోయేది. సెలైన్ అక్కర్లేదు, చుక్కలు లెక్కపెట్టక్కర్లేదు. క్యాజువాలిటీ బల్ల మీద, ఊరి ఆర్‌ఎంపీ సంచిలో, మందుల షాపులో, ఇంట్లో దేవుడి గూట్లో కూడా అది ఉండేది. బయట నిలబడ్డ కొడుకులు "బీపీ ఎంత సార్?" అని అడిగేవాళ్లు. 210 అంటే ముఖాలు మాడిపోయేవి. 130 అంటే చేతులెత్తి దణ్ణం పెట్టేవాళ్లు. ఆ దణ్ణానికి ఎవరి మనసైనా కరుగుతుంది. పుస్తకాలు కూడా అలా ఇవ్వమనే చెప్పేవి.

ఒక మిరపకాయల వ్యాపారి నాకు బాగా గుర్తు. కుడిచెయ్యి బరువెక్కింది, మాట ముద్దగా వస్తోంది. కానీ వస్తోంది. యార్డులో బస్తాల లెక్క ఎవరు చూస్తున్నారో అడుగుతున్నాడు. 210/120. చుక్కలు పడ్డాయి. పావుగంటకి 130/80. భార్య దగ్గరికొచ్చి "ఏవండీ, తగ్గిందంటండీ" అంది. ఆయన ఆమెవైపు చూశాడు. నోరు తెరిచాడు. మాట లేదు. బరువెక్కిన చెయ్యి పూర్తిగా వాలిపోయింది. సెలైన్ పెట్టి, కాళ్లు ఎత్తుగా పెట్టి, అంకెని పైకి తేవడానికి రాత్రంతా అవస్థ. అంకె వచ్చింది, మాట రాలేదు. జబ్బు ముదిరిందని అందరూ అనుకున్నారు. ముదరడమూ ఉంటుంది, అలా అనుకోవడానికి కారణాలున్నాయి. కానీ మా ప్రొఫెసర్ గారు మర్నాడు రౌండ్స్‌లో ఆ చార్టు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. 210కీ 130కీ మధ్య గడియారం చూపిస్తున్న పావుగంట మీదే ఆయన చూపు.

కృష్ణా కాలువ కింద చివరి భూముల రైతుకి ఆ పావుగంట సంగతి చెప్పనక్కర్లేకుండా అర్థమవుతుంది. కాలువలో ఎక్కడో మట్టి పడితే దాని దిగువ పొలాలు ఎండిపోతాయి. పక్క బోదెల్లోంచి, గట్టు మీంచి పొర్లి కొంచెం నీరు వాటికి అందాలంటే పైన కాలువ నిండుగా, ఎత్తుగా పారాలి. అప్పుడు పైన తూములు దించేస్తే ఆ పొర్లే కాస్త నీరూ ఆగిపోతుంది. మెదడులో జరిగేది అదే. మామూలుగా 100 గ్రాముల మెదడుకి నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం కావాలి. 20కి పడితే కణాలు పని మానేస్తాయి, చావవు. 10కి పడితే చస్తాయి. ఈ రెండింటికీ మధ్య పని మానేసి ప్రాణంతో ఉన్న మెదడు కొంత మేర ఉంటుందని 1970ల చివర ఆస్ట్రప్, సైమన్ వంటి పరిశోధకులు గుర్తించారు. చచ్చినదాని చుట్టూ అంచుగా ఉండే ఆ భాగంలో రక్తనాళాలకి స్వయంగా సర్దుకునే శక్తి పోతుంది. ఆరోగ్యమైన మెదడు బీపీ పెరిగినా తగ్గినా నాళాలు బిగించుకుని, వదులు చేసుకుని, తనకి కావలసిన రక్తం తాను తెచ్చుకుంటుంది. ఈ అంచుకి ఆ వీలు లేదు. పైనుంచి ఎంత ఒత్తిడి వస్తే అంతే రక్తం. ఏళ్ల తరబడి బీపీ ఉన్న మనిషికైతే ఎక్కువ ఒత్తిడే అలవాటు, మనకి మంచి అంకెగా కనిపించే 130 ఆయన మెదడుకి కరువు.

ఆ వ్యాపారి మాట ఆ అంచులోనే ఉంది. 210 దాన్ని పట్టి నిలబెట్టింది.

1981లో వాలెస్, లెవీ అని ఇద్దరు అమెరికాలో ఒక పని చేశారు. వరసగా చేరిన 334 మంది పక్షవాతం రోగుల బీపీని రోజూ రాసుకుంటూ పోయారు. చేరిన రోజు నూటికి 84 మందికి ఎక్కువ. పదో రోజుకి, బీపీ కోసం ప్రత్యేకంగా ఏ మందూ మొదలుపెట్టకపోయినా, సగటున పై సంఖ్య 20, కింది సంఖ్య 10 దిగాయి. ఎక్కువ ఉన్నవాళ్లు మూడోవంతే మిగిలారు. శరీరం అవసరం కొద్దీ ఎక్కించుకుంటోంది, అవసరం తీరాక దించుకుంటోంది. మా ప్రొఫెసర్ గారు లైబ్రరీలో ఆ వ్యాసం పట్టుకుని, చేత్తో నకలు రాసుకుని తెచ్చి మాకు చదివి వినిపించారు. అప్పట్నుంచి మా యూనిట్లో పక్షవాతం రోగికి నాలుక కింద చుక్కలు పిండటం ఆగిపోయింది. పక్క యూనిట్లలో ఆగలేదు. 1996లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో గ్రాస్‌మన్, మెసెర్లీ మొదలైనవాళ్లు ఆ గొట్టాన్ని అలా వాడటం ఆపాలని గట్టిగా రాశారు. అది వాడాక పక్షవాతాలు, గుండెపోట్లు, మరణాలు ఎలా వచ్చాయో పోగుచేశారు. అంతకుముందే తేలిన ఇంకో సంగతి, నాలుక కింద పిండిన ఆ చుక్కలు అక్కడ పెద్దగా ఇంకవు, మింగితేనే పేగులోంచి ఎక్కుతాయి. ఎంత దిగుతుందో, ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఆ నారింజ గొట్టం మాయమైనందుకు నాకు రవ్వంత విచారం లేదు. కొన్ని ఊళ్లలో దాని అలవాటు ఇంకా బతికే ఉండటమే విచారం.

హెడ్ సిస్టర్ గారికి ఈ వ్యాసాలేవీ అక్కర్లేకపోయింది. ఆవిడ పద్ధతి వేరు. బీపీ ఎక్కువుందని మేం మందు రాయబోతుంటే, "ముందు పొట్ట చూశారా డాక్టరు గారూ?" అనేవారు. దుప్పటి తీసి బొడ్డు కింద చెయ్యి పెట్టేవారు. మాట పడిపోయిన మనిషి ఒంటేలు ఆగిపోయిందని ఎలా చెప్తాడు? అటూ ఇటూ కొట్టుకుంటాడు, మూలుగుతాడు, పాదరసం ఎక్కుతుంది. ఆవిడ గొట్టం వేసి నీరు తీసేవారు. అరగంట తరవాత చూస్తే 210 ఉన్నది 175. మందు ఏమీ లేదు. తరవాత ఆవిడ చూసేవి ఇంకా ఉండేవి. పడిపోయిన భుజం ఒంటి కింద నలిగిందా, జ్వరం ఉందా, పక్క తడిగా ఉందా, గొంతులో కఫం గురగురలాడుతోందా, చుట్టూ చుట్టాలు చేరి ఏడుస్తున్నారా. చుట్టాల్ని ఆవిడే బయటికి నడిపించేవారు, ఒక్కరిని ఉంచి. "ఈయన్ని గట్టిగా పిలవకమ్మా, చెవులు బాగానే ఉన్నాయి. చెయ్యి పట్టుకుని కూచో" అని ఆ ఒక్కరికీ చెప్పేవారు. నొప్పి, భయం, నిండిన మూత్రాశయం బీపీని పెంచుతాయని ఇప్పటి మార్గదర్శకాలన్నీ రాస్తాయి. ఆవిడ అది ఏ కాగితంలోనూ చదవలేదు.

మందులిచ్చే బల్ల మీద అప్పట్లో ఇంకా చాలా ఉండేవి. మెదడు వాపు తగ్గాలని ప్రతి పక్షవాతానికీ డెక్సామెథాసోన్ ఇంజక్షను. నిమ్మరసం కలిపి గొట్టంలో పోసే గ్లిసరాల్. మానిటాల్ సీసాలు చలికాలం తెల్లారుజామున అడుగున పలుకులు కట్టేవి, వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి కరిగేదాకా తిప్పుతూ ఉండాలి. డెక్సామెథాసోన్ మెల్లిగా వెళ్లిపోయింది, పక్షవాతానికి దానివల్ల ఉపయోగం లేదని తేలింది. గ్లిసరాల్ పేరు ఎత్తేవాళ్లు అరుదు. మానిటాల్ ఇంకా ఉంది.

వార్డుకి రాకముందే అయిపోయే వైద్యం సంగతి కూడా చెప్పాలి. మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చేవాళ్లు, లేదా ఊళ్లో ఎవరిదైనా ట్రాక్టరు. దారిలో నాటువైద్యుడి దగ్గర ఆగేవాళ్లు. పావురాన్ని కోసి దాని నెత్తురు పడిపోయిన చేతికీ కాలికీ వేడిగా రుద్దించుకుని, ఆ ఎండిన మరకలతోనే మా దగ్గరికి చేరినవాళ్లని ఎందరినో చూశాను. ఒళ్లు తుడుస్తూ మా ఆయాలు తిట్టేవాళ్లు. నేను తిట్టలేకపోయాను. ఇంటి పెద్ద ఒక్క పూటలో కూలిపోతే ఎవరికి తోచింది వాళ్లు చేస్తారు. హాని నెత్తురుతో కాదు, దానికి పట్టిన పూటతో. స్పృహ తప్పినవాడి నోట్లో పోసే కాఫీ అంతకన్నా హాని, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాక ఆ మంచాలూ ట్రాక్టర్లూ తగ్గిపోయాయి.

అప్పటికి ఆ పూటకి విలువ కూడా మారిపోయింది. గడ్డని కరిగించే మందు మొదటి మూడు గంటల్లో ఇస్తే మేలని 1995లో అమెరికాలో రుజువైంది, తరవాత ఆ గడువు నాలుగున్నర గంటలకి పెరిగింది. దానితో బీపీని చూసే తీరు కూడా మారింది. ఆ మందు ఇవ్వాలంటే ముందు 185/110 లోపుండాలి, ఇచ్చాక ఒక రోజంతా 180/105 దాటకూడదు. దాటితే కరిగిన చోటే రక్తం కారే ప్రమాదం. ఆ మందు ఇవ్వని పూడిక రోగికి మాత్రం 220/120 దాటేదాకా సాధారణంగా ముట్టుకోరు. గుండె, కిడ్నీ, బృహద్ధమని ఇబ్బంది పడుతుంటే తప్ప. ముట్టుకున్నా మొదటి రోజులో 15 శాతం దించితే చాలంటారు. 210ని చూసి చేతులు కట్టుకుని కూచోవడం ఎంత కష్టమో ఆ దణ్ణాలు చూసినవాళ్లకి తెలుస్తుంది.

చిట్లిన రోగి విషయం వేరు. అక్కడ త్వరగా దించడమే మేలేమోనని 2013లో ఇంటరాక్ట్ 2 అనే అధ్యయనం 2,839 మందిని చూసింది. గంటలోపు 140కి తేవడానికి చూసినవాళ్లలో ప్రమాదం పెరగలేదు, కోలుకోవడం కొంచెం మెరుగ్గా ఉన్నట్టు కనిపించింది. 2016లో ఇంకో అధ్యయనం అంతకన్నా కిందికి లాగి చూస్తే అదనపు లాభం లేదు, కిడ్నీలకి బాధ పెరిగింది. 2024లో చైనాలో అంబులెన్సులోనే, స్కాన్‌కి ముందే, బీపీ దించి చూశారు. అందర్నీ కలిపి చూస్తే తేడా లేదు. విడదీస్తే, చిట్లినవాళ్లకి మేలు, పూడినవాళ్లకి కీడు. ఆ వ్యాసం చదివిన రోజు నాకు వెన్నులో సూదులు, జేబుల్లో అట్టముక్కలు, ఆ వ్యాపారి భార్య గొంతు అన్నీ ఒక్కసారి తోసుకొచ్చాయి. ఏ జబ్బో తెలియకుండా అంకె మీద చెయ్యి వెయ్యకూడదని మా ప్రొఫెసర్ గారు చెప్పినదాన్ని ఆ అధ్యయనంలోని 2,404 మంది రోగులు చూపించారు. ఆయన అప్పటికే లేరు.

గడ్డ కరిగించే మందు ఇచ్చాక బీపీ చూసే తీరు నాకు చాలా నచ్చుతుంది. మొదటి రెండు గంటలు పావుగంటకోసారి, తరవాత ఆరుగంటలు అరగంటకోసారి, ఆ పైన రోజు పూర్తయ్యేదాకా గంటకోసారి. ఒక్క మనిషికి రోజుకి 36 కొలతలు. మా వార్డులో పొద్దున్నొకటి, సాయంత్రమొకటి. రాత్రి మనిషికి ఏం జరిగిందో చెప్పే ఆధారమే ఉండేది కాదు. ఇప్పుడు లాబెటలాల్ అనే మందుని రక్తనాళంలోకి కొంచెం కొంచెంగా ఎక్కించి, ఎంత దిగాలో అంతే దించి, అక్కడ నిలబెట్టగలుగుతున్నారు. ఇంత చక్కటి అదుపు మాకు కలలో కూడా లేదు.

అయితే ఒకటి చెప్పాలి. మా కాలంలో పక్షవాతం రోగి పది, పదిహేను రోజులు వార్డులోనే ఉండేవాడు. చెయ్యగలిగింది తక్కువే అయినా ఉండేవాడు. పదో రోజు పొద్దున, మలమూత్రాలు సర్దుకుని, జావ మింగగలిగి, కూచోబెడితే కూచోగలిగిన రోజున, మేం నింపాదిగా బీపీ చూసేవాళ్లం. వాలెస్, లెవీలు చెప్పిన రోజే అది. తుఫాను వెలిసిన తరవాతి అంకె అప్పుడు దొరికేది. ఆ అంకెని బట్టే ఇంటికి పంపే మాత్ర. అప్పుడే ఇంటావిడని కూచోబెట్టి ఆవకాయ, అప్పడాలు, ఉప్పు చేప గురించి హెడ్ సిస్టర్ గారు మాట్లాడేవారు. బీపీ ఉన్నట్టు ఒంటికి తెలియదని, బాగానే ఉంది కదా అని మాత్ర ఆపితే మళ్లీ ఇదే మంచం మీదికి వస్తారని చెప్పేవారు. రెండో పక్షవాతాన్ని ఆపే బలం ఆ మాత్రకుంది. మొదటి రోజు వేచి చూడమనే శాస్త్రమే, గండం గడిచాక మాత్ర జీవితాంతం వదలొద్దంటుంది.

ఇప్పుడు తేలికపాటి పక్షవాతం రోగి నాలుగో రోజుకో అయిదో రోజుకో ఇంటికెళ్లిపోతున్నాడు. మంచాల కొరత ఉంది, ఖర్చు ఉంది, నేను కాదనను. డిశ్చార్జి కాగితం మీద ఉండేది నాలుగో రోజు అంకె, ఇంకా దిగడం పూర్తికాని అంకె. కొందరికి దాన్ని చూసి ఎక్కువ మాత్రలు రాస్తారు, పదో రోజుకి కళ్లు తిరిగి పడిపోతారు. కొందరికి చూద్దాంలే అని ఏమీ రాయరు, నెల తరవాత 190తో తిరుగుతుంటారు. మా వీధిలో ఈ రెండు రకాలవాళ్లూ ఉన్నారు. అందుకే ఎవరు పక్షవాతం వచ్చి ఇంటికొచ్చారన్నా, పదో రోజుకి బాగున్న చేతికి కట్టి ఒకసారి, నాడి పట్టుకుని ఒకసారి, ఊరి ఏఎన్ఎం చేత చూపించి కాగితం మీద రాయించమని వాళ్ల పిల్లలకి ఫోన్ చేసి చెప్తున్నాను. ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లమంటున్నాను. కొందరు చేస్తున్నారు.